రెండో వరుసల బాపు కుర్చీ

ఆగస్టు పదిహేను వచ్చిందంటే మా తార్నాక అపార్ట్‌మెంట్ కింద పొద్దుగాల్నే మైకు షురూ అయితది. అసోసియేషన్ సెక్రటరీ ఫోన్ చేస్తడు. "మేడం, కిందికి రారా? జెండా ఎగరేస్తున్నం, అందరు వచ్చిన్రు." కాలు నొస్తున్నదనో, నల్లా నీళ్లు వస్తున్నయనో ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంట. జెండా మీద నాకేం కోపం లేదు. చిన్నప్పుడు లాలాపేట్ల బడి కాడ చాక్లెట్ కోసం ఎండల నిలబడి గొంతు పోయేదాక జై అన్నదాన్నే. నాకు పడనిది ఆ మైకు. మైకుల ఎవరన్న "దయచేసి వినండి" అన్నరంటే అరికాలి మంట నెత్తికెక్కుతది. ఎందుకో చెప్త.

అప్పుడు నేను క్యాంపస్‌ల పీహెచ్‌డీ చేస్తున్న, హాస్టల్ల ఉంటున్న. మేము ఆరుగురం ఆడిపిల్లలం కలిసి డప్పు నేర్చుకున్నం. మీటింగులల్ల సీనియర్ అన్నలు కొడుతుంటె చూసి చూసి, "మీరే కొట్టాల్నా, మాకు చేతులు లేవా" అని అడిగి మరీ నేర్చుకున్నం. సాయంత్రమైతే హాస్టల్ ఎనుక యాపచెట్ల కింద అదే పని. మెస్సు అక్కలు చెవులు మూసుకొని తిట్టేటోళ్లు. ఆ ఆరుగుర్ల ఒకదాని గురించి చెప్పాలె. వాళ్లది హబ్సిగూడ, మొదలు గుంటూరు దిక్కు నుంచి వచ్చి ఈడ ఇల్లు కట్టుకున్నోళ్లు, నాన్న బ్యాంకు ఆఫీసరు. వీణ క్లాసులకు పోయి పెరిగిన పిల్ల. మొదటి రోజు డప్పు భుజానికి తగిలించుకొని "ఇదేంటే, ఇంత బరువుంది" అని మూలిగింది. కొన్నాళ్లకు మా అందరికన్న గట్టిగ కొట్టింది అదే. నాకు దోస్తంటే ఇప్పటికీ అదే.

మేము మాదిగోళ్లం. మా ఇంట్ల డప్పు నేను పుట్టకముందు సంది ఉన్నది. బాపు పొద్దంత లారీలకెల్లి సిమెంటు బస్తాలు దించుతడు, ఎవరన్న పిలిస్తె డప్పు ఎత్తుకొని పోతడు. లాలాపేట్ల సావైనా, బోనాలైనా, పెండ్లి ఊరేగింపైనా పిలుపు వస్తది. ఆ పిలుపు ఎట్లుంటదో నాకు తెలుసు. పేరు పెట్టి పిలువరు. "డప్పోళ్లేరి? ఏయ్, డప్పోళ్లను రమ్మను" అంటరు. అందరు తిన్నంక టెంటు ఎనుక ఇంత బువ్వ పెడ్తరు. ఆయన దాని గురించి ఎన్నడు గొణుగలే. గొణిగేది నేనే, చిన్నప్పటి సంది.

నేను డప్పు నేర్చుకుంటున్న అని తెలిసిన నాడు మాత్రం బాపు పెద్ద లొల్లి పెట్టిండు.

"సదువుకోమని పంపితె డప్పు పట్టినవా? నేను దీన్ని ఎప్పుడు దించుదునా అని చూస్తుంటె, నువ్వు ఎత్తుకుంటున్నవా బిడ్డా?"

"మాది వేరే బాపు. మేము స్టేజీ మీద కొడ్తం."

"స్టేజీ మీద డప్పా?" అని నవ్విండు. నమ్మలే. నాకు రోషమొచ్చి వారం రోజులు ఇంటికి ఫోన్ చెయ్యలే.

ఆ ఏడు పంద్రాగస్టుకు నగరమంత ఉత్సవాలు పెట్టిన్రు. రాజధాని అన్నంక ఆ మాత్రం ధూంధాం ఉండాలె గద. పొద్దున జెండాలు, కవాతులు, సాయంత్రం ఎక్కడికక్కడ గ్రౌండ్లల్ల స్టేజీలు, పాటలు, డ్యాన్సులు, చెట్లకు మూడు రంగుల లైట్లు. మా క్యాంపస్ గ్రౌండుల గూడ ఒక స్టేజీ ఏసిన్రు. అది జరిపింది బయటి కమిటీ ఒకటి. దాని కన్వీనర్ సారు మా ప్రాక్టీస్ చూడనీకె వచ్చిండు. ఖద్దరు జుబ్బ, మెడల బిళ్ల, చేతికొక ఫోను.

"సూపరమ్మా! ఆడపిల్లలు డప్పు కొట్టుడు! స్వాతంత్ర్యమంటే ఇది గదా! స్టేజీ మీద మీ ఐటెం పక్కా," అన్నడు. పోతపోత వెనక్కి తిరిగి, "మీ అమ్మానాన్నలను గూడ తీస్కరాండి. ముంగటి వరుసల కుర్చీలు ఏపిస్త," అన్నడు.

ఈ ముచ్చట బాపుకు చెప్పిన. స్టేజీ గురించి అడగలే, గెస్టుగ వచ్చే పెద్దమనిషి ఎవలని అడగలే. ఒక్కటే అడిగిండు.

"కుర్చీల కూసొని చూడొచ్చా?"

"కూసొనే చూడాలె బాపు. నీ కోసమే ఏస్తరు."

డప్పు మోగినకాడల్ల ఆయన ఉన్నడు. కూసున్నది మాత్రం ఎన్నడు లేదు. కొట్టేటోడు నిలబడాలె, లేకపోతె నడువాలె. డప్పుకు ఎదురుంగ కూసొని ఇంటె ఎట్లుంటదో ఆయనకు తెల్వనే తెల్వదు. ఆ రాత్రి అమ్మతోని అన్నడట, "ఒక్కసారన్న నేను కూసోవాలె, కొట్టేది నా బిడ్డ కావాలె" అని. అమ్మ నాకు ఫోన్ల చెప్పుకుంట ఏడ్చింది. పంద్రాగస్టు నాడు ఆమె వండే ఇంట్ల సుట్టాలున్నరు, సెలవియ్యలే. "నువ్వు మీ బాపుకు మంచిగ కనవడేటట్టు కూసోబెట్టు, అదే సాలు" అన్నది.

ఆ రోజు పొద్దటి సంది ముసురు. డప్పు తోలుకు ముసురు పడదు. మెత్తబడితె అట్ట డబ్బ కొట్టినట్టే ఉంటది. మంట పెట్టి కాపాలె, అప్పుడు గట్టిపడి మోగుతది. గ్రౌండు మూలకు ఇన్ని పాత పేపర్లు, ఇన్ని పుల్లలు పోగేసి అగ్గిపుల్ల గీసినమో లేదో, ఇద్దరు పోలీసోళ్లు ఉరికొచ్చిన్రు.

"ఏయ్, ఏంది ఆ మంట? వీఐపీ వస్తున్నడు, తెల్వదా?"

"డప్పు కాపుతున్నం సార్."

"కాపుడు లేదు, ఏం లేదు. ఆర్పుండ్రి."

మేము ఆర్పేదాక గూడ ఆగలే, బూట్లతోని తొక్కిన్రు. నేను నోరు తెరువబోతుంటె నా దోస్తు చెయ్యి గుంజింది. "ఉండవే తల్లీ, నీతో పెద్ద గొడవ. నా దగ్గరో ఐడియా ఉంది" అని హాస్టల్‌కు ఉరికింది. వచ్చేసరికి చేతుల జుట్టు ఆరబెట్టుకునే మిషిను! సౌండు సిస్టం ఆయన్ను బతిమాలి ప్లగ్గు పెట్టించింది. ఆరు డప్పులను గోడకు నిలబెట్టి, పార్లర్ల పెండ్లికూతురికి తల ఆరబెట్టినట్టు ఒక్కోదానికి ఆరబెట్టుకుంట కూసున్నది. మేము నవ్వలేక సచ్చినం. నవ్వితె నవ్వినం గానీ, డప్పులు మాత్రం మోగినయి.

అంతల బాపు ఫోన్. "గేటు కాడ ఉన్న బిడ్డా. లోపటికి రానిస్తలేరు."

ఉరికిన. లాలాపేట్ నుంచి షేర్ ఆటోల తార్నాక దాక వచ్చిండట. ఆడ రోడ్డు బంద్ జేసి బండ్లన్ని మళ్లిస్తుంటె దిగి, ముసురుల నడుసుకుంట క్యాంపస్‌ల పడ్డడు. ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ, నున్నగ గీసుకున్న గడ్డం. గేటు కాడ వాలంటీరు, కమిటోళ్లు ఇచ్చిన పాసు చూసి గూడ, ఆయన మొఖం చూసి అన్నడట, "కుర్చీలు ఏసేటోళ్లది ఎనుక గేటు పెద్దమనిషీ, అటు పో" అని. బాపు నిజంగనే ఎనుక గేటుకు పోయి, ఆడ నుంచి మళ్ల ఈడికి పంపితె వచ్చి నిలబడ్డడు.

"ఆయన కుర్చీల కూసునేటోడు, ఏసేటోడు కాదు! పాసు చేతులనే ఉన్నది, కండ్లు కనవడ్తలేవా?" అని గేటు కాడ అందరు తిరిగి చూసేటట్టు అరిసిన. వాలంటీరు సారీ మేడం అన్నడు. సారీ నాకు చెప్పిండు, బాపుకు చెప్పలే.

"పోనియ్యి బిడ్డా. నన్ను చూస్తె వానికి అట్ల అనిపిచ్చింది" అన్నడు బాపు. ఆయన అట్ల అంటెనే నాకు ఇంకింత మండుతది.

షామియానా కింద రెండో వరుసల కుర్చీ. తెల్లగుడ్డ తొడిగి ఎనుక రిబ్బను కట్టిన్రు. పక్క కుర్చీల నా దోస్తు వాళ్ల నాన్న ఉన్నడు. ఆయన లేచి "నమస్కారమండీ, రండి రండి" అన్నడు. బాపు దస్తీ తీసి ముందు తన లాగు తుడుసుకున్నడు, తెల్లగుడ్డకు తడి అంటుతదని. అప్పుడు కుర్చీ అంచుకు కూసున్నడు, రెండు చేతులు మోకాళ్ల మీద పెట్టుకొని.

"ఎన్కకు ఒరుగు బాపు."

"ఒరుగొచ్చా?"

"ఒరుగు."

ఒరిగిండు. అటు ఇటు చూసి చిన్నగ నవ్విండు. నేను ఫోటో తీసి అమ్మకు పంపిన. నా ఫోన్ల ఆ ఫోటో ఇంకా ఉన్నది.

దీపం ఎలిగించుడు అయింది, ఒక దేశభక్తి పాట అయింది, పిల్లల కూచిపూడి అయింది. మేము స్టేజీ ఎనుక నడుములకు కండువలు బిగించుకొని తయారున్నం. కన్వీనర్ సారు ఆగమాగం ఉరికొచ్చిండు.

"అమ్మా, జల్ది జల్ది! గెస్టు తార్నాక దాటిండట. గేటు కాడికి నడువుండ్రి."

"గేటు కాడికి ఎందుకు సార్?" అన్న.

"వెల్కంకమ్మా. ఆయన కారు దిగంగనే మీరు ముంగట కొట్టుకుంట నడువాలె. స్టేజీ మెట్ల దాక వచ్చి ఆపేయాలె. గెస్టు పైకి ఎక్కుతడు. అయిపాయె."

"మరి మా ఐటెం?"

"అదే గదమ్మా ఐటెం!"

"స్టేజీ మీద అన్నరు గద సార్."

"టైం లేదమ్మా. గెస్టు ఎక్కువసేపు ఉండడు, ఇంకా డ్యాన్సులు బాకీ ఉన్నయి. అయినా డప్పు వెల్కంకే బాగుంటది. స్టేజీ మీద ఏం చూస్తరు జనం?"

నా దోస్తు ముందుకొచ్చింది. "అదెలాగండీ? మీరే కదా వచ్చి మాటిచ్చారు? ఇందాక కూచిపూడి చేసిన పిల్లల్ని గేటు దగ్గర ఆడమంటారా?"

"అది వేరే, ఇది వేరే అమ్మా."

ఏం వేరో ఆయన చెప్పలే. నాకు చెప్పాల్సిన పని గూడ లేదు.

"మేము రాము," అన్న.

"దేశం పండుగ నాడు ఏందమ్మా ఈ పంచాయితీ? నీ ఐటెం నా ఐటెం అని చూసుకుంటరా? దేశం కోసం గింత చెయ్యలేరా?"

దేశం కోసమట! ఆ మాటకు నా ఒళ్లంత మండింది. ఆ డ్యాన్సు పిల్లలను అడగవేంది దేశం కోసం గేటు కాడికి రమ్మని? ఆ పాట పాడినామెను అడగవేంది? దేశానికి పని పడ్డప్పుడల్ల గేటు కాడ నిలబడే వంతు మాకే ఎందుకొస్తది? మా తాత నిలబడ్డడు, మా బాపు నిలబడ్డడు, ఇంత సదువు సదివినంక నేను గూడ ఆడ్నే నిలబడాలె, పైంగ అది స్వాతంత్ర్యమని సంబురపడాలె. ఇదంత ఆయన మొఖం మీదనే అన్న. ఆయన ఫోను చూసుకుంటున్నడు. ఇన్నడో లేదో గూడ తెల్వదు. మేము డప్పులను సౌండు బాక్సుల పక్కన తడవకుండ పెట్టి, ఆరుగురం కింద కూసున్నం. "మంచిగ లేదమ్మా మీ పద్ధతి, అస్సల్ మంచిగ లేదు" అనుకుంట ఆయన పోయిండు.

కొంచెంసేపటికి మైకుల ఆయన గొంతు.

"దయచేసి వినండి. సభలో డప్పు కొట్టేవాళ్లు ఎవరన్నా ఉంటే వెంటనే మెయిన్ గేటు దగ్గరికి రావలసిందిగా కోరుతున్నాం. డప్పు కొట్టేవాళ్లు ఎవరన్నా ఉంటే..."

నాకు నవ్వొచ్చింది. "ఏందిది, రక్తదానమా? మైకుల పిలిస్తె ఎవలు లేస్తరే!" అన్న. నా దోస్తు గూడ నవ్వింది. ఆ నవ్వుల ఉండంగనే ఒక వాలంటీరు వచ్చి మా డప్పులల్లకెల్లి నా డప్పు ఎత్తుకొని ఉరికిండు. "ఓయ్, ఆగు!" అని మేము లేచేసరికి గుంపుల కలిసిండు. వాని మీద కన్వీనర్‌కు కంప్లైంట్ ఇయ్యాలె, ఆ కన్వీనర్ మీద ఎవలకు ఇయ్యాలె అని మేము మాట్లాడుకుంటున్నం.

అప్పుడు గేటు కాడ డప్పు మోగింది.

ఆ దరువు నాకు తెలుసు. పుట్టినప్పటి సంది ఇన్న దరువు. మా వాడల ఎంతమంది కొట్టినా, ఇంట్ల పండుకొని ఇది బాపు చెయ్యి అని గుర్తుపడ్త.

స్టేజీ చుట్టు తిరిగి ఉరికిన. దారికి అడ్డం కర్రలు కట్టి పోలీసోళ్లు నిలబడ్డరు. "గెస్టు వస్తున్నడు, ఆగాలె" అన్నరు. "ఆయన మా బాపు" అన్న. "ఎవరైతె ఏందమ్మా, ఆగు" అన్నరు. కర్రల ఇవుతల నుంచే చూసిన. బాపు ఎన్కకు నడుస్తున్నడు. గెస్టుకు వీపు చూపెట్టకుండ, జర వంగి, కొట్టుకుంట, ఒక్కో అడుగు ఎన్కకు ఏసుకుంట వస్తున్నడు. తెల్ల అంగీ తడిసి ఒంటికి అతుక్కున్నది. చుట్టు ఫోన్లు పట్టుకొని అందరు గెస్టు ఫోటోలు తీస్తున్రు, బాపు అడ్డమొస్తె "జరుగు, జరుగు" అంటున్రు. నన్ను చూసిండు. చూసి, గడ్డం ఎత్తి నవ్విండు, నీ పని ఆగనిస్తనా అన్నట్టు. మెట్ల కాడికి రాంగనే కన్వీనర్ అరచెయ్యి ఎత్తిండు. బాపు ఆపిండు. గెస్టు మెట్లు ఎక్కిండు. బాపు దిక్కు మళ్ల ఎవలు చూడలే.

రెండో వరుసల ఆ కుర్చీల గెస్టు ఎంబడి వచ్చినాయన ఎవలో కాలు మీద కాలు ఏసుకొని కూసున్నడు.

గెస్టు మైకు తీసుకొని డప్పు మన ఆత్మగౌరవం అన్నడు, ఈ నేల గుండె సప్పుడు అన్నడు. జనం సప్పట్లు కొట్టిన్రు. ఆ మాటలు బాపు కరెంటు పోలు కింద తడుసుకుంట ఇన్నడు. నాకు స్టేజీ ఎక్కి ఆ మైకు గుంజుకోవాలనిపిచ్చింది. ముందుగాల బాపు కాడికి పోవాలె అని, పోలీసాయన జరంగనే కర్రల కింది నుంచి దూరి పోయిన. నా దోస్తు గూడ వచ్చింది, వాళ్ల నాన్న గూడ లేచి వచ్చిండు.

"మైకులో చెప్పగానే లేచారమ్మా మీ నాన్నగారు," అన్నడు ఆయన నాతోని. "మిమ్మల్ని కాదులెండి, కూర్చోండి అన్నాను. 'నన్నే సార్, నన్నే పిలుస్తున్నరు' అంటూ వెళ్లిపోయారు."

బాపు డప్పును అంగీ కిందికి దోపుకొని తడవకుండ పట్టుకున్నడు.

"ఎందుకు లేచినవ్ బాపు? ఎవలు లేవమన్నరు నిన్ను?" అని అందరి ముంగట్నే అరిసిన.

"అరె, గంత కోపమేంది?" అన్నడు. "ఎవలు లేస్తలేరు బిడ్డా. అంత పెద్దమనిషి వచ్చినంక సప్పుడు లేకపోతె ఆ సారుకు కోపమొచ్చి నీ స్టేజీ ఆపుతడేమో అనుకున్న. నీకు మాట రావద్దని లేచిన. కుర్చీ పోతె పోయింది తియ్యి, ఈడ నిలబడ్డా మంచిగనే కనవడ్తది. మీది ఎప్పుడు?"

నా దోస్తు మొఖం పక్కకు తిప్పుకున్నది. స్టేజీ మీద ఇంకొక డ్యాన్సు షురూ అయింది. ఆయన దాని దిక్కు చూసుకుంట, మా వంతు కోసం నిలబడ్డడు.

నిజం చెప్పాలంటె ఏం చెప్పాలె? మాది లేదు బాపు, మాకు ఇస్తమన్న ఐటెం నువ్వు గేటు కాడ కొట్టిందే అని చెప్పాలె. మేము చెయ్యం అన్న పని నీతోని చేపిచ్చిన్రు అని చెప్పాలె.

"అయిపోయింది బాపు," అన్న.

"అయిపాయెనా! ఎప్పుడు?"

"నువ్వు గేటు కాడ ఉన్నప్పుడు."

"అయ్యో," అని నొసలు కొట్టుకున్నడు. "నా డప్పు సప్పుడుల మీది ఇనపడనే లేదు గదనే! మంచిగ కొట్టిన్రా?"

"మంచిగ కొట్టినం."

"సప్పట్లు కొట్టిన్రా?"

"మస్తు కొట్టిన్రు."

తార్నాక దాక నడిచొచ్చి ఆయన్ను ఆటో ఎక్కించిన. ఆటోల కూసున్నంక గూడ మొదలు ఏ దరువు కొట్టిన్రు, ఆఖరికి ఏది కొట్టిన్రు అని అడిగిండు. చెప్పిన.

తెల్లారి కన్వీనర్‌కు ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టిన. అన్నీ ఇని ఆయన, "మీ నాన్నగారు ఇష్టపడే వచ్చిండు గదమ్మా, మేమేమన్న బలవంతం చేసినమా?" అన్నడు. చెయ్యలే, నిజమే. ఎవలు రెక్క పట్టి గుంజలే. డప్పోళ్లు అని పిలిస్తె కూసొని ఉండొచ్చని ఆయనకు బతుకంత ఎవలు చెప్పలే, అంతే. నేను గూడ కుర్చీ చూపిచ్చిన గానీ ఆ మాట చెప్పలే. ఫోన్ పెట్టేసినంక గూడ చాలాసేపు తిడుతనే ఉన్న.

లాలాపేట్ల హోటల్ కాడ ఎవలన్న కలిసి బిడ్డ ఏం చేస్తున్నదని అడిగితె, బాపు ఇప్పటికీ చెప్తడు. "నా బిడ్డ స్టేజీ మీద డప్పు కొట్టింది. గ్రౌండు గ్రౌండంత కూసొని చూసిన్రు. నేనొక్కన్నే చూడకపోయిన."